అప్పిచ్చినవాడికి లెక్క, పన్ను కట్టినవాడికి రసీదు

వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి నేను ట్రెజరర్‌ని. ఎవరూ ముందుకు రాకపోతే మొహమాటానికి ఒప్పుకున్నాను, చూస్తుండగానే మూడేళ్ళయిపోయింది, ఇంకొకరి నెత్తిన పెట్టే దారి మాత్రం కనపడటం లేదు. నలభై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని మోటారు, ఎండాకాలం వచ్చిందంటే ట్యాంకర్లు. ప్రతి నెలా ఐదో తారీఖులోపు ఖర్చుల కాగితం లిఫ్టు పక్కనున్న బోర్డు మీద అంటించాలి.

మొదట్లో ఆ కాగితం చాలా నీటుగా తయారుచేసేవాణ్ణి. టైపు చేసి, గళ్ళకి రంగులు వేసి, 'నీటి సరఫరా నిర్వహణ' అని ఒక పద్దు, 'విద్యుత్ మరియు ఇతరములు' అని ఇంకో పద్దు. చూడ్డానికి గవర్నమెంటు కాగితంలా ఉండేది, అదేదో గొప్పనుకునేవాణ్ణి కూడా. మూడో అంతస్తులో ఒక మాస్టారున్నారు, రిటైరై చాలా ఏళ్ళయింది. ఆయన ఒకరోజు కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి కాగితం మొత్తం చదివి, "బాగుంది బాబూ. మరి పోయిన నెల ఎంతైంది?" అన్నారు. చెప్పాను. "ఎందుకు పెరిగిందేటి?" ట్యాంకర్లు రెండు ఎక్కువ పడ్డాయని అదీ చెప్పాను. "సంక్రాంతికి ముందు సంపు కడిగిస్తానన్నావు, కడిగించావా?"

దానికి సమాధానం లేదు. కడిగించలేదు కనక.

పోయిన నెల ఎంత, ఎందుకు మారింది, చేస్తానన్నది చేశావా. ఈ మూడూ అడిగి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు (లిఫ్టు ఆరోజు పనిచేయడం లేదు, అది వేరే కథ). నాకు మాత్రం అప్పట్నుంచి ఏ రిపోర్టు చూసినా ఈ మూడు ప్రశ్నలే గుర్తుకొస్తున్నాయి. ముఖ్యంగా ఏప్రిల్లో.

ఏప్రిల్ ఎందుకంటే ఆ నెల 30 లోపు కార్పొరేషన్‌కి ఏడాది ఆస్తిపన్ను మొత్తం ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. ఆ అయిదు శాతం కోసం మా ఇంట్లో చిన్న యుద్ధం జరుగుతుంది, చివరి రోజు దాకా నేను వాయిదా వెయ్యడం, మా ఆవిడ గుర్తు చెయ్యడం. కట్టాక రసీదు వస్తుంది. అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు, పేరు, ఎంత కట్టాను, గతంలో బాకీ ఏమైనా ఉందా. నా గురించి దానికి అన్నీ తెలుసు. 2021 నుంచి మన రాష్ట్రంలో పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేస్తున్నారు కాబట్టి నా ఫ్లాటు ధర ఎంతో కూడా వాళ్ళ దగ్గర లెక్క ఉంది. మరి పోయినేడు నేను కట్టిన డబ్బుతో మా వీధిలో ఏం జరిగిందో ఆ రసీదు వెనకవైపు ఒక నాలుగు లైన్లు ఉంటే ఎలా ఉంటుంది? వెనక్కి తిప్పి చూశాను. తెల్లగా ఉంది.

ఇదేమీ మన ఊరొక్కదాని సంగతి కాదు. దేశంలో ఏ మున్సిపాలిటీ రసీదు తిప్పి చూసినా దాదాపు ఇంతే. అయితే మన వైజాగ్ వాళ్ళకి ఇంకో అలవాటుంది. పని ఎలా జరుగుతోందని అడిగితే ర్యాంకు చెప్తాం, కేంద్రం ఏటా ఊళ్ళ శుభ్రతకి ఇచ్చేది. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017లో మనది 3, 2018లో 7, 2019లో 23, 2020లో 9, 2021లో మళ్ళీ 9, 2022లో పది లక్షలు దాటిన నగరాల్లో 4. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే మా మాస్టారూ నేనూ వీటి మీద చాలాసార్లు వాదించుకున్నాం. 2019లో 23కి పడిపోయినప్పుడు మా సందు పదహారు మెట్లు మురికిగా మారిందా? లేదు. చెత్త రిక్షా అదే, తెచ్చే మనిషీ అతనే, డస్ట్‌బిన్ దగ్గర ఆవులూ అవే. 2020లో 9కి ఎక్కినప్పుడు పద్నాలుగు మెట్లు శుభ్రపడిందా? ఆవుల్ని అడగాలి. ర్యాంకంటే పక్క ఊళ్ళు ఎలా పరిగెత్తాయి, ఆ ఏడాది దేనికి ఎన్ని మార్కులు పెట్టారు అన్నదాన్ని బట్టి మారే సంగతి. క్లాసులో పిల్లాడికి నాలుగో ర్యాంకొచ్చిందంటే సంతోషమే, కానీ వాడికి లెక్కలొచ్చా రావా అన్నది ర్యాంకు చెప్పదు, ఆన్సర్ పేపరు చెప్తుంది. ఆ పేపరు మనకి చూపించరు.

అలాగని పేపరు లేదా? ఉంది. నాకు ఎక్కువ కోపం వచ్చేది అక్కడే.

2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఒక పుస్తకం వేసింది, సర్వీస్ లెవెల్ బెంచ్‌మార్కులని. నీళ్ళు, మురుగు, చెత్త, వాననీటి కాలవలు, ఈ నాలుగింటికీ కలిపి 28 కొలతలు. మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు అందాలి. సరఫరా 24 గంటలూ ఉండాలి. బిల్లుకి ఎక్కకుండా లీకుల్లోనూ దొంగ కనెక్షన్లలోనూ పోయే నీళ్ళు 20 శాతం దాటకూడదు. ఫిర్యాదుల్లో 80 శాతం ఒక్క రోజులో తేలాలి. ఇవీ లక్ష్యాలు. వీటిల్లో మన ఊరు ఎక్కడుందో ఏటేటా కట్టి పైకి పంపాలి. కేంద్రం నిధులు ఎవరికెంత పంచాలో చెప్పే ఆర్థిక సంఘాల్లో 13వది వచ్చాక ఈ నాలుగు సేవలకీ వచ్చే ఏడాది లక్ష్యం ఇంత అని గెజిట్లో వేస్తేనే కొంత గ్రాంటు అని షరతు కూడా పెట్టారు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. ప్రతి అంకె పక్కనా ఆ అంకెని ఎంతవరకు నమ్మొచ్చో ఎ, బి, సి, డి అని గ్రేడు వెయ్యాలి. మీటరు పెట్టి కొలిస్తే ఎ. ఆఫీసులో కూచుని సుమారుగా ఇంతుంటుందిలే అని రాస్తే డి. ఎంత నిజాయితీ చూడండి. "మనిషికి ఇన్ని లీటర్లు ఇస్తున్నాం, కానీ ఇది మా అంచనా మాత్రమే" అని ఒక ప్రభుత్వ కాగితం ఒప్పుకోవడం ఎప్పుడైనా చూశారా? ఆ కాగితంలో ఒప్పుకుంటారు. మనదాకా వచ్చేసరికి ఆ గ్రేడు రాలిపోతుంది, అంకె ఒక్కటే మీసం మెలేసుకుని పేపర్లో నిలబడుతుంది.

ఇంకోటి చెప్తాను. 2018లో మన కార్పొరేషను బాండ్లు వేసి 80 కోట్లు అప్పు తెచ్చింది. ఆంధ్రాలో ఇలాంటివి తక్కువ కాబట్టి అప్పట్లో పేపర్లలో బాగానే వచ్చింది. బాండ్లు కొనేవాడు ఊరికే డబ్బివ్వడు కదా. రేటింగ్ సంస్థ వచ్చి చూస్తుంది, వసూళ్ళెంత, ఖర్చులెంత, తీర్చగలరా అని. షేర్లూ బాండ్ల మార్కెట్‌ని చూసుకునే సెబీకి దీనికోసం 2015 నుంచి రూల్సే ఉన్నాయి, అప్పు తీరేదాకా ఎప్పటికప్పుడు అకౌంట్లు చూపిస్తూ ఉండాలి. నాకు ఇందులో తప్పేమీ కనపడలేదు, బాగుంది కూడా. కాకపోతే ఎక్కడో ముంబైలో కూచుని మన ఊరికి అప్పిచ్చినవాడికి లెక్క చెప్తారు, ముప్పై ఏళ్ళుగా కంచరపాలెంలో పన్ను కడుతున్నవాడికి రసీదు ఇస్తారు.

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటు విషయంలోనూ అంతే, పోయినేటి లెక్కలూ అంతకు ముందటేటి ఆడిట్ అయిన లెక్కలూ ఆన్‌లైన్లో ఉండాలన్నారు. ఉంటున్నాయి. ఎవరైనా చూడొచ్చు. చూడండి ఒకసారి. బ్యాలెన్స్ షీటు ఉంటుంది, అందులో స్థిరాస్తులు, తరుగుదల, నిధులు, షెడ్యూళ్ళు. అకౌంట్స్ చదువుకున్నవాణ్ణి నేనే రెండు టీలు తాగాను ఒక పేజీ దాటడానికి. పైగా అందులో ఉండేది డబ్బు కథ. వీధి లైట్లకి ఎంత ఖర్చు పెట్టారో ఉంటుంది, లైట్లు వెలిగాయా అన్నది ఉండదు.

లైట్లంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఊళ్ళో స్తంభాలన్నీ పడుకున్నాయి, ఆ రాత్రుళ్ళు ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు, సముద్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఊరంతా ఎల్‌ఈడీ లైట్లు పెట్టారు, చాలా వేగంగా పెట్టారు, మెచ్చుకోవాల్సిందే. కానీ లైట్ల గురించి ఎక్కడ చదివినా ఎన్ని పెట్టామన్నదే ఉంటుంది, కరెంటు ఎంత ఆదా అయిందన్నది ఉంటుంది. రాత్రి డ్యూటీ దిగి మద్దిలపాలెం నుంచి నడిచొచ్చే నర్సుకి కావాల్సింది ఆ రెండూ కాదు. ఆవిడ నడిచే సందులో లైటు ఆరిపోతే ఎన్ని రోజుల్లో మళ్ళీ వెలుగుతోంది, పోయినేడు ఎన్ని రోజులు పట్టేది. అంతే.

కాలవల సంగతీ ఇదే. వానాకాలం ముందు ఇన్ని కిలోమీటర్ల కాలవల్లో పూడిక తీశాం అంటారు. తీస్తారు కూడా, నేను చూశాను, తీసిన మట్టి గట్టు మీదే రెండు రోజులుంటే మళ్ళీ వానకి అందులోకే జారిన సందర్భాలూ లోకంలో ఉన్నాయి, అది వదిలేద్దాం. జ్ఞానాపురం వైపో చావులమదుం వైపో ఉండేవాళ్ళనడిగితే కిలోమీటర్లు చెప్పరు. "వాన ఆగాక రెండు గంటలకి దిగిపోయిందండి, ఇదివరకు తెల్లారేదాకా ఉండేది" అంటారు, లేకపోతే దానికి తిరగేసి చెప్తారు. మోకాల్లోతు నీళ్ళలో బండి తోసుకుంటూ వెళ్ళినవాడి కొలబద్ద అది. తమాషా ఏమిటంటే ఆ 2008 పుస్తకంలోనూ సరిగ్గా ఈ కొలతే ఉంది, ఏడాదిలో ఎన్నిచోట్ల ఎన్నిసార్లు నీళ్ళు నిలిచాయో లెక్కపెట్టమని, లక్ష్యం సున్నా అని. అంటే ఏది కొలవాలో ఢిల్లీలో కూచున్నవాళ్ళకీ తెలుసు, చావులమదుంలో ఉన్నవాళ్ళకీ తెలుసు. మధ్యలో ఎక్కడో అది కిలోమీటర్లయిపోతుంది.

చెత్త పన్ను గొడవలోనూ నాకు ఇదే అనిపించింది. 2021లో ఇంటింటి చెత్తకి యూజర్ ఛార్జీలని పెట్టారు, జనం దానికి చెత్త పన్నని పేరు పెట్టారు, 2024 చివర్లో ఎత్తేశారు. మూడేళ్ళు ఊళ్ళో టీ కొట్ల దగ్గర్నుంచి కార్పొరేషన్ ఆఫీసు దగ్గర గాంధీ బొమ్మ దాకా దీని మీద నేను విన్న వాదనలన్నీ ఎంత వెయ్యాలి, అసలు వెయ్యొచ్చా అన్న చుట్టే తిరిగాయి. మా వీధికి బండి నెలలో ఎన్ని రోజులొచ్చింది అన్న అంకె గోడ మీద ఉండుంటే ఆ వాదన ఇంకోలా సాగేదేమో. ముప్పైకి ఇరవై తొమ్మిది రోజులొచ్చిన వీధివాడు బహుశా గొణుక్కుంటూ కట్టేవాడు. పన్నెండు రోజులొచ్చిన వీధివాడి చేతిలో ఒక ఆధారం ఉండేది.

ఫిర్యాదుల లెక్క గురించి ఒకటి చెప్పాలి, ఇది మన ఊరిది కాదు. మా పెద్దమ్మ వాళ్ళది ఉత్తరాంధ్రలోనే ఒక చిన్న టౌను, పేరెందుకులెండి. వాళ్ళింటి ముందు కాలవ మీద పలక విరిగింది. మా పెద్దమ్మకి డెబ్బై నాలుగు, ఫోన్లో ఫిర్యాదు ఎలా పెట్టాలో పండక్కి వెళ్ళినప్పుడు నేనే నేర్పాను, ఫోటో తీసి పెట్టింది. మూడో రోజు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది. ఆవిడ సంబరంగా వీధిలోకెళ్ళి చూసింది. పలక అలాగే ఉంది. నాకు ఫోన్ చేసి, "ఏటిరా ఇది, నాకు కళ్ళు కనబడ్డం లేదా, వాళ్ళకి కనబడ్డం లేదా?" అని అడిగింది. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పరిష్కరించబడినది. మూడోసారి పెట్టమంటే, "వద్దులేరా, రెండుసార్లు బాగుచేసేశారు కదా" అంది. చివరికి మా పెదనాన్న తాపీ మేస్త్రీని పిలిచి పలక వేయించారు.

ఇప్పుడు ఆ టౌను లెక్కల్లో ఏముంటుంది? రెండు ఫిర్యాదులు వచ్చాయి, రెండూ గడువులో తేలాయి. నూటికి నూరు! ఆ అంకె అబద్ధమని కూడా అనలేం, కంప్యూటర్లో నిజంగానే రెండూ మూసేసి ఉన్నాయి. ఎవరు మూశారన్నదే గొడవ. ఫిర్యాదు పెట్టిన మనిషి సరే అంటే తప్ప మూతపడకూడదన్న ఒక్క రూలు గట్టిగా పెడితే ఊరూరా ఈ శాతాలు నిలువునా పడిపోతాయి, పడిపోనివ్వండి, అప్పుడు కనీసం అది ఒక అంకె అవుతుంది.

సగటు లెక్కలు ఇంకో గొడవ. మన కార్పొరేషన్లో 98 వార్డులు, అటు భీమిలి ఇటు అనకాపల్లి. ఊరంతటికీ కలిపి మనిషికి ఇన్ని లీటర్లు అని ఒకే అంకె చెప్తే దానికి అర్థమేముంది? వైజాగ్‌లో కొండవాలు కాలనీలు ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు. మేఘాద్రిగెడ్డ నుంచో రైవాడ నుంచో తాటిపూడి నుంచో ఏలేరు కాలవ మీద నుంచో నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి, బాగానే వస్తాయి, కానీ కొండెక్కడానికి నీళ్ళకి కాళ్ళు లేవు. కింద బిందె నిండినవాడికీ పైన బిందెలు వరసలో పెట్టినవాడికీ కలిపి సగటు తీస్తే ఇద్దరికీ సగం నిండినట్టు కాగితం మీద కనపడుతుంది. కాబట్టి లెక్క వార్డు దాకా దిగాలి, వీలైతే సచివాలయం దాకా. 2019 అక్టోబర్ 2 నుంచి మనకి వార్డు సచివాలయాలున్నాయి, పారిశుద్ధ్యానికి ఒకరు, మంచినీళ్ళు లైట్లు కాలవలు చూడ్డానికి ఒకరు విడివిడిగా కార్యదర్శులున్నారు. ఇంత కింది దాకా మనుషులున్న ఊళ్ళు దేశంలో తక్కువ. రోజూ వాళ్ళ ఫోన్ల నుంచి ఫోటోలు, లెక్కలు పైకి వెళ్తూనే ఉంటాయి.

అన్నీ పైకే వెళ్తాయి, అదే నా బాధ. నీళ్ళకి కొండెక్కడం రాదుగానీ మన లెక్కలకి మాత్రం కిందకి దిగడం రాదు.

బయట ఎవరైనా ఇది చేశారా అంటే, చేశారు. న్యూయార్క్‌లో 1977 నుంచి మేయర్ ప్రతి ఏడాదీ పనితీరు రిపోర్టు ఇచ్చి తీరాలి, వాళ్ళ ఊరి చట్టంలోనే ఉంది, ఏడాది మధ్యలో ఒకటి, ముగిశాక ఒకటి. శాఖల వారీగా లక్ష్యమెంత, అయిందెంత, అంతకు ముందు ఏళ్ళలో ఎంత అని పక్కపక్కనే ఉంటాయి. అంటే మా మాస్టారి ప్రశ్నలే. దగ్గర్లో చూస్తే బెంగళూరు. 1994లో అక్కడ పబ్లిక్ అఫైర్స్ సెంటర్ అనే సంస్థ వాళ్ళు ఆఫీసుల్ని వదిలేసి జనాన్నే అడిగారు, నీళ్ళ బోర్డుకి ఎన్ని మార్కులేస్తారు, కరెంటు వాళ్ళకి ఎన్ని, కార్పొరేషన్‌కి ఎన్ని అని. ప్రోగ్రెస్ కార్డు జనం చేతికొచ్చింది, మార్కులు దారుణంగా వచ్చాయి. 1999లో మళ్ళీ అడిగారు, 2003లో మళ్ళీ. మధ్యలో అక్కడి ప్రభుత్వం ఒక టాస్క్‌ఫోర్స్ వేసి, ఆర్నెల్లకోసారి ముఖ్యమంత్రి ముందర, జనం ముందర, ఒక్కో శాఖ అధికారి స్టేజీ ఎక్కి "పోయినసారి ఇది చేస్తామన్నాం, ఇంత చేశాం" అని చెప్పేలా చేసింది. మార్కులు పెరిగాయి. ఇప్పటి బెంగళూరు ట్రాఫిక్ చూసి నవ్వకండి, ఆ పద్ధతి మాత్రం మంచిదే. అది ఆగిపోవడమే తప్పు.

కానీ మనకి న్యూయార్కూ బెంగళూరూ ఎందుకు? మన పల్లెల్లోనే ఇంతకన్నా గట్టిది ఉంది. ఉపాధి హామీ పనులకి 2006 నుంచి మన రాష్ట్రంలో సోషల్ ఆడిట్ జరుగుతోంది, దేశంలో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించిందే మనం. మా మేనమామ వాళ్ళ ఊళ్ళో ఒకసారి చూశాను. రామమందిరం ముందు చాప వేశారు. ఆడిట్‌కి వచ్చిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, మస్టర్ కాగితాలు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని పేరు పేరునా చదువుతోంది. ఫలానా ఆవిడ, ఫలానా చెరువు పని, ఇన్ని రోజులు, ఇన్ని రూపాయలు. ఒక ముసలావిడ లేచి, "ఆ వారం నేను మా కూతురి పురిటికెళ్ళానమ్మా, నేనెక్కడ తవ్వానే?" అంది. అందరూ నవ్వారు, ఒకాయన మాత్రం నవ్వలేదు. ఆ అమ్మాయి అదంతా రాసుకుంది. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందు అదే మళ్ళీ చదువుతారట.

చదువు రాని మనిషి ఒక ప్రభుత్వ లెక్కని, మైకులో విని, తప్పని నిలబెట్టి చెప్పింది. బీచ్ రోడ్డు పక్కన కోట్ల రూపాయల ఫ్లాట్లలో ఉన్నవాళ్ళం, ఇంజనీర్లం, ఆడిటర్లం, నేవీ వాళ్ళం, మాకెవరికీ ఆ అవకాశం ఇంతవరకు రాలేదు. మా వార్డు లెక్క మాకెవరూ చదివి వినిపించలేదు. పల్లెలో కుదిరింది పట్నంలో ఎందుకు కుదరదు?

ఈ మాట నా స్నేహితుడితో అన్నాను. వాడు ఇంకో జిల్లాలో మున్సిపల్ ఇంజనీరు. నవ్వాడు. "రాయడానికి నాకేం అభ్యంతరం లేదురా. పది పనులు చేస్తామన్నాం, ఆరు చేశాం, నాలుగు కాలేదని గోడ మీద రాస్తాననుకో. మర్నాడు పేపర్లో ఆరు గురించి వస్తుందా, నాలుగు గురించి వస్తుందా? మధ్యాహ్నానికి ఎవరో ఫ్లెక్సీ కట్టుకుని ఆఫీసు ముందు కూచుంటారు. సాయంత్రానికి నాకు మెమో. పక్క ఊరివాడు ఏమీ రాయకుండా హాయిగా ఉంటాడు." పైగా ఇప్పటికే ఎన్ని యాప్‌ల్లో ఎన్నెన్ని నింపాలో లెక్కపెట్టి చెప్పాడు, మధ్యలో వేళ్ళు చాలలేదు.

వాడి మాటలో నిజముంది. దీన్ని కొట్టిపారేస్తే నేను వాస్తవం తెలియని వాణ్ణవుతాను. నిజం రాసినవాడికే శిక్ష పడే చోట ఎవరు రాస్తారు? అందుకే ఇది ఒక్క ఊరు చేస్తే నిలవదు. రాష్ట్రంలో అన్ని మున్సిపాలిటీలకీ ఒకే కాగితం, ఒకే తారీఖు అని ఉంటే, కాని నాలుగు పనులు అందరికీ ఉంటాయి కాబట్టి ఏ ఒక్కరి మెడకీ చుట్టుకోవు. ఇంకోటి, కొత్తగా ఏదీ అడగక్కర్లేదు. పైకి పంపే అంకెల్లోంచే అరడజను తీసి, మామూలు తెలుగులో కిందకి ఒక కాపీ పంపితే చాలు. 'ఘన వ్యర్థాల ప్రాథమిక సేకరణ సామర్థ్యం' అని కాకుండా 'చెత్త బండి ఎన్ని రోజులొచ్చింది' అని.

గోడ మీద అంటించమని నేను సొంతంగా కనిపెట్టి చెప్తున్నదీ కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చూడండి, మనం అడక్కుండానే ప్రతి ఆఫీసూ 17 రకాల సంగతులు తనంతట తనే బయటపెట్టాలి. వాటిని స్థానిక భాషలో, జనానికి తేలిగ్గా అందేలా చెప్పాలని అదే సెక్షన్లో ఉంది, ఎలా అన్నదానికి నోటీసు బోర్డులు, పేపర్లు, బహిరంగ ప్రకటనలు అని వరసగా పేర్లు కూడా ఉన్నాయి. నోటీసు బోర్డు మొదట ఉంది, ఇంటర్నెట్ తర్వాత. మనవాళ్ళు చివరిదాన్ని ముందు పట్టుకుని, మొదటిదాన్ని వదిలేశారు.

కౌన్సిల్ ఉంది కదా, కార్పొరేటర్లు అడుగుతారు కదా అనొచ్చు. అడుగుతారు. కానీ మన ఊళ్ళో 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో అయిపోతే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు స్పెషలాఫీసర్ల పాలన. ఆ తొమ్మిదేళ్ళూ లెక్క ఎవరికి చెప్పారు? హుద్‌హుద్ ఆ తొమ్మిదేళ్ళలోనే వచ్చింది. కౌన్సిల్ ఉన్నా లేకపోయినా, పార్టీ ఏదైనా, కాగితం మాత్రం తారీఖుకి గోడ మీదకి రావాలి, జీతాల బిల్లులాగ.

అంకెల్ని ఎవరు సరిచూస్తారన్నది నాకింకా పూర్తిగా తేలలేదు. మా అపార్ట్‌మెంట్లో నా లెక్క నేనే చూసుకుంటే కుదరదని గ్రౌండ్ ఫ్లోర్ టీచరుగారు ఆర్నెల్లకోసారి బిల్లులన్నీ తిరగేస్తారు. ఆవిడ పట్టుకున్న తప్పులు ఇక్కడ రాయను. ఊరికైతే బెంగళూరు పద్ధతిలో జనాన్నే అడగాలేమో, వార్డుకి ఒక యాభై ఇళ్ళు చీటీ తీసి, "బండి వచ్చిందా, లైటు వెలిగిందా" అని. మహిళా సంఘాల వాళ్ళు చెయ్యగలరు, పల్లెల్లో ఆడిట్ చేసింది కూలి కుటుంబాల పిల్లలే కదా.

ఇక నా సంగతి. బోర్డు మీద నా కాగితం ఇప్పుడు అంత నీటుగా ఉండటం లేదు. పెన్నుతో రాస్తున్నాను. ఈ నెల, పోయిన నెల, పోయినేడు ఇదే నెల, మూడు గళ్ళు. కింద 'చేస్తానని చెయ్యనివి' అని ఒక లైను. మోటారు కాలిపోయిన నెల అక్కడ 'సర్వీసింగ్ నేనే మర్చిపోయాను' అని రాశాను. పది నిమిషాలు తిట్టారు. తర్వాత కొత్త మోటారుకి డబ్బులు ఒక్కరూ ఎదురు చెప్పకుండా ఇచ్చారు, ఇదివరకు వైండింగ్ చేయించడానికి అడిగితే నెల పట్టేది.

ఆ ధైర్యంతోనే పోయిన నెల ఒక పిచ్చి పని చేశాను. ఒక తెల్లకాగితం మీద ఆరు ప్రశ్నలు రాసి, పక్కన ఖాళీలు వదిలి, దగ్గర్లో ఉన్న సచివాలయానికి పట్టుకెళ్ళాను. కుళాయి రోజుకి ఎంతసేపు వచ్చింది, చెత్త బండి ఎన్ని రోజులు, ఆరిపోయిన లైట్లెన్ని, మళ్ళీ వెలగడానికి ఎన్నాళ్ళు, ఫిర్యాదులెన్ని, ఈ ఏడాది ఈ వీధుల్లో చేస్తామన్న పనులేవి. అక్కడున్న అమ్మాయి చదివి, "సార్, వీటిల్లో నాలుగు నా ఫోన్లోనే ఉన్నాయి" అంది. మరి రాసివ్వమ్మా అన్నాను. "ఇవ్వమని ఎవరూ చెప్పలేదు సార్" అంది. కాసేపు ఫోన్ వైపు చూసి, చుట్టూ చూసి, "సంతకం పెట్టను మరి" అంటూ పెన్సిల్‌తో రెండు ఖాళీలు నింపింది. బండి ఇరవై ఆరు రోజులు. లైట్లు పదకొండు.

ఆ కాగితం ఇప్పుడు మా లిఫ్టు పక్కన బోర్డు మీద, నా ట్యాంకర్ల లెక్క పక్కనే ఉంది. నిన్న సాయంత్రం కిందకి దిగితే ఇరవై ఆరు పక్కన ఎవరో ఎర్రపెన్నుతో, మాస్టార్లు పిల్లల నోట్‌బుక్కుల్లో రాసే వంకర చేతిరాతలో, 'పోయిన నెల ఎంత?' అని రాసిపెట్టారు.